వేడి సీసా బరువు

పిడుగు తల్లికి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు పంపిన ఆఖరి పాఠం నిన్న సాయంత్రం అందింది. కవరు లావు చూసి ఈసారి పాఠం పెద్దదే అనుకున్నాను. తీరా విప్పితే ఉన్నవి నాలుగు కాగితాలే, మిగతాదంతా అట్టముక్క. మడతలు పడకూడదని పెట్టావు కాబోలు. చిన్నప్పుడు పుస్తకాలకి అట్టలు వేసుకోమంటే మంచం కింద దూరేదానివి, ఇప్పుడింత జాగ్రత్త వచ్చిందా అని నవ్వుకున్నాను.

మీ నాన్నగారు పోయాక మనిద్దరి మధ్య నడుస్తున్నవి ఈ పాఠాలే. "పదో తరగతి పిల్లలకి భౌతికశాస్త్రం పుస్తకం రాస్తున్నాను పిన్నీ, నువ్వు పదితో ఆపేశావు కాబట్టి నీకు అర్థమైతే వాళ్ళకీ అర్థమవుతుంది, చదివి చెప్పు" అన్నావు. నా చదువు అక్కడితో ఆగిపోవడం ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చిందని మురిసిపోయాను. కాంతి, ధ్వని, అయస్కాంతం అన్నీ చదివాను. అర్థం కానిచోట పెన్సిలు గీత పెట్టి పంపాను. ఈ పాఠం మాత్రం మొదటి పేజీలోనే నన్ను ఆపేసింది.

"ఏ వస్తువునైనా వేడిచేస్తే దాని ద్రవ్యరాశి పెరుగుతుంది. ఎందుకంటే వేడి శక్తే, శక్తికీ ద్రవ్యరాశి ఉంటుంది" అని రాశావు. మేం బరువు అనేదాన్ని నువ్వు ద్రవ్యరాశి అంటావు, అది నాకు తెలుసు, ఆ తేడా మూడో పాఠంలో చెప్పావు. కానీ తల్లీ, నేను ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నది తూనికల పరీక్ష గదిలో. మందుల షాపుల వాళ్ళూ బంగారం పనివాళ్ళూ తెచ్చే తూకపురాళ్ళని మా దగ్గరున్న అసలు రాళ్ళతో సరిచూసి ముద్ర వేసి పంపడం నా పని. అందులో చేరిన మొదటిరోజే నేర్పే మాట ఒకటుంది. వేడి వస్తువుని త్రాసులో పెట్టకు, తక్కువ చూపిస్తుంది. నువ్వేమో ఎక్కువ అంటున్నావు.

నీ మీద నమ్మకం లేక కాదు, నా కళ్ళ మీద నమ్మకం ఉండి, ఇవాళ మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడు పరీక్ష చేశాను. బిగుతు మూత ఉన్న చిన్న గాజు సీసాలో నీళ్ళు పోసి, గది చల్లదనానికి వచ్చేదాకా ఉంచి తూచాను. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. తర్వాత ఆ సీసాని వేణ్ణీళ్ళ గిన్నెలో ఉంచి, తీసి, శుభ్రంగా తుడుస్తున్నాను. ఇంతలో మా పెద్దాయన వచ్చారు. నా కంటే ముందు నుంచీ ఆ గదిలో ఉన్నాయన, నన్ను చెల్లెమ్మా అంటారు.

"ఏంటి చెల్లెమ్మా, తూకాల గదిలో వంట మొదలెట్టావా?"

"మా అమ్మాయి పాఠం పరీక్ష చేస్తున్నానండీ. వేడెక్కితే బరువు పెరుగుతుందట."

"అలాగా. అయితే మా ఆవిడకి కోపం వచ్చినప్పుడు ఓసారి ఎత్తి చూడాలి."

"చూసి చెప్పండి అన్నయ్యగారూ, రాస్తాను."

"మామూలుగానే ఎత్తలేను, ఇంక తేడా ఏం చెప్తాను" అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

పట్టకారుతో సీసాని పళ్ళెంలో పెట్టి గాజు తలుపు మూశాను. పళ్ళెం పైకి లేచింది. తేలికైపోయింది తల్లీ. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. సీసా చల్లారుతున్నకొద్దీ ముల్లు మెల్లమెల్లగా మళ్ళీ మధ్యకి వచ్చింది. వేడిగా ఉంటే తేలిక, చల్లారితే బరువు. పెద్దాయన ఆవులించి, "పుస్తకం అచ్చుకి వెళ్ళకముందే చెప్పు, పాపం పిల్లలు తప్పు నేర్చుకుంటారు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. నీ పాఠం తప్పైతే నాకే చిన్నతనంగా అనిపించింది.

ఇంకొక సంగతి. దీన్ని పాఠం సంగతి తర్వాత చెప్పాలని ఆపాను. పక్క ఊళ్ళో ప్రార్థనా నిలయం ఒకటుంది, ఆడవాళ్ళదే. పొద్దున ప్రార్థన, పగలు రోగులకి సేవ. అక్కడ ఒక చోటు ఖాళీ అయింది. నిర్వహించే అక్కగారు నెలాఖరులోగా జవాబు చెప్పమన్నారు. ఒకసారి చేరితే అక్కడే ఉండిపోవాలి, ఉద్యోగం, ఇల్లు వదులుకోవాలి. వెళ్దామని నిర్ణయించుకున్నాను. ఈ ఇల్లు మీ నాన్నగారిది, అంటే నీది. అద్దెకిస్తావో అమ్ముతావో నీ ఇష్టం. ఆయన పుస్తకాలు విడిగా కట్టి పెడతాను. దేవుడి దయవల్ల నాకే లోటూ లేదు. నువ్వు కంగారు పడకు.

పాఠం సంగతి మాత్రం వెంటనే రాయి.

నీ క్షేమం కోరే
పిన్ని

*

పిడుగు తల్లికి,

నీ జవాబు వచ్చింది. సీసా గురించి మూడు పేజీలు రాశావు. నిలయం గురించి ఒక్క వరుస. "నీ ఇష్టం పిన్నీ, నీకెక్కడ ప్రశాంతంగా ఉంటే అక్కడ ఉండు." ఆ వరుస చాలాసార్లు చదివాను. అందులో తప్పేమీ లేదు.

ముందు సీసా సంగతి చెప్తాను. "నువ్వు సీసానే చూస్తున్నావు, దాని చుట్టూ ఉన్నదాన్ని చూడు" అన్నావు. గదిలో ఫ్యాను లేదు, తలుపులు మూసి ఉన్నాయి, త్రాసు గాజు పెట్టెలో ఉంది, ఇంక చుట్టూ ఏముంటుంది అనుకున్నాను. సరే, పిల్ల చెప్పింది కదా అని మళ్ళీ వేడి సీసా పెట్టి, ఈసారి నా తెల్ల వెంట్రుక ఒకటి తెంపి, పట్టకారుతో పట్టుకుని, సీసా పక్కన వేలాడదీశాను. వెంట్రుక కొస పైకి లేచి ఊగింది. ఎవరో కింద నుంచి మెల్లగా ఊదుతున్నట్టుంది. సీసాని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి పోతూ పళ్ళేన్ని కూడా కాస్త లేవనెత్తుతోంది. అంతే. తేలికైంది సీసా కాదు. పెద్దాయన్ని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వెంట్రుకని చాలాసేపు చూసి, "ఇన్నేళ్ళూ వేడి వస్తువు పెట్టకూడదని చెప్పానే గానీ ఎందుకని అడగలేదు చెల్లెమ్మా" అన్నారు. ఆ సాయంత్రమంతా ఆయన జోకులు వేయలేదు.

నిజంగా పెరిగే బరువు ఎంతో కూడా లెక్కగట్టి పంపావు. లీటరు నీళ్ళని మరిగేదాకా కాచినా, ఆవిరి బయటికి పోనివ్వకపోతే, పెరిగేది ఎంతంటే, మిల్లీగ్రాముని పది లక్షల ముక్కలు చేస్తే అందులో మూడో నాలుగో ముక్కలట. మా గదిలో ఉన్న త్రాసులన్నీ కలిసినా అది చూపించలేవు. అయినా ఉన్నట్టే లెక్క అంటావు నువ్వు. కనపడనిది ఉందని నమ్మడం నాకు కష్టం కాదు తల్లీ, రోజూ పొద్దున్నే చేసేది అదే. కానీ ఒక మాట దగ్గర నాకింకా ముడి వీడలేదు. "శక్తి ద్రవ్యరాశిగా మారుతుంది" అని రాశావు. పాలు పెరుగుగా మారితే ఆ తర్వాత గిన్నెలో పాలుండవు. సీసాలో వేడి బరువుగా మారిపోతే వేడి ఉండకూడదు కదా. మరి సీసా ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఇక్కడ పెన్సిలు గీత పెట్టాను, చూడు.

ఇక రెండో సంగతి. రాయాలా వద్దా అని ఆలోచించాను. నువ్వు సైన్సు విషయంలో నాకు ఏదీ దాచకుండా చెప్తావు, నేనూ దాచకూడదు అనిపించి రాస్తున్నాను.

మీ నాన్నగారి కార్యక్రమాలన్నీ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోతున్న రోజు నీకు గుర్తుందా. నువ్వు వంటింట్లో పంపు దగ్గర గ్లాసులు కడుగుతున్నావు. మీ మేనత్త స్టవ్ పక్కన నిలబడి ఉంది. నేను ఖాళీ ట్రే పట్టుకుని లోపలికి రాబోతూ ఆవిడ గొంతు విని గుమ్మం ఇవతలే ఆగిపోయాను. "అన్నయ్యే పోయాక ఇంక ఆవిడెవరు, మనమెవరు? నీకేమన్నా పేగు సంబంధమా?" అంది. ఆవిడ అన్నందుకు నాకేం అనిపించలేదు. చుట్టాలు అనే మాటలే అవి. నేను నీ వీపు చూస్తున్నాను. నువ్వు ఒక్క మాట అంటావని చూస్తున్నాను. పంపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. నువ్వు గ్లాసులన్నీ కడిగావు, తుడిచావు, అరలో సర్దావు, బస్సు టైము చూసుకున్నావు. ఒక్క మాట అనలేదు.

నేను నిన్ను కనలేదు, నిజమే. నీ జ్వరాలకీ నీ పరీక్షలకీ నేనున్నాను గానీ అవి చేసిపెట్టే పనులు, ఎవరైనా చేస్తారు. ఆ రోజు నుంచి ప్రార్థనకి కూర్చుంటే ఒకటే అడుగుతున్నాను, ఈ పిల్ల దగ్గర నేనేపాటి అని. జవాబు రాలేదు. జవాబు రాకపోవడమే జవాబనుకున్నాను. పాఠాలు కూడా అయిపోయాయి. ఇంక నువ్వు నాకు రాయడానికి కారణం ఏముంటుంది? ఆ నిలయంలో అయితే రోజూ ఎవరో ఒకరికి నా అవసరం ఉంటుంది.

నిందించడానికి రాయలేదమ్మా. ఎందుకు వెళ్తున్నానో నీకు నిజం తెలిసి ఉండాలని రాశాను. కోపం తెచ్చుకోకు. పెన్సిలు గీతకి జవాబు మాత్రం రాయి, పాఠం సగంలో వదిలేసి వెళ్తే మనసు పీకుతూ ఉంటుంది.

నీ
పిన్ని

*

పిన్నీ,

ముందు పెన్సిలు గీత. లేకపోతే నువ్వు మిగతాది చదవవు, నాకు తెలుసు.

గీత పెట్టిన చోట తప్పు నాది. అందరూ రాసినట్టే "మారుతుంది" అని రాసేశాను. మారడం లేదు. బంగారం పనివాళ్ళు కొందరు ఇప్పటికీ పాత తూకంలో చెప్తారని, నువ్వు గ్రాముల్లో చెప్తావని ఒకసారి అన్నావు కదా. చేతి గాజు ఒకటే. పాత తూకంలో ఒక అంకె, గ్రాముల్లో ఇంకో అంకె. పాత తూకం గ్రాములుగా "మారిపోయింది" అని ఎవరూ అనరు. ద్రవ్యరాశీ శక్తీ అంతే. రెండు వస్తువులు కావు, ఒకే వస్తువుకి రెండు కొలతలు. సీసాలో వేడి ఎక్కడికీ పోలేదు, ఆ వేడికే ఆ కాస్త బరువు ఉంది. ఒక కొలత నుంచి ఇంకో కొలతకి వెళ్ళాలంటే గుణించాల్సిన సంఖ్య మాత్రం చాలా పెద్దది, కాంతి వేగాన్ని కాంతి వేగంతోనే గుణిస్తే వచ్చేది. అందుకే వేడి వైపు నుంచి చూస్తే బరువు దాదాపు సున్నాలా కనిపిస్తుంది. బరువు వైపు నుంచి చూస్తే నీ పెట్టెలో ఉన్న ఒక్క గ్రాము రాయి ఒక చిన్న పట్టణానికి ఏడాది పాటు కరెంటు. ఆ వాక్యం కొట్టేసి ఇలా తిరగ రాశాను. అర్థమైతే పక్కన టిక్కు పెట్టు.

ఇప్పుడు వంటింటి సంగతి. అత్త మాట నేను విన్నాను. జవాబు చెప్పలేదు. నువ్వు గుమ్మం దగ్గర ఉన్నావని తెలియదు, తెలిసినా చెప్పేదాన్నో లేదో. ఎందుకో చెప్తాను.

నువ్వు మా ఇంటికి వచ్చిన ఏడు, బళ్ళో ప్రతివాళ్ళూ నన్ను అడిగేవాళ్ళు. "మీ పిన్ని కొడుతుందా?" లేదంటే నమ్మేవాళ్ళు కాదు. "అన్నం పెడుతుందా?" పెడుతుందంటే జాలిగా చూసేవాళ్ళు, పిల్ల భయపడి అబద్ధం చెప్తోందని. టీచరొకావిడ నా చేతులు తిప్పి తిప్పి చూసింది, వాతలున్నాయేమోనని. అప్పటి నుంచి నీ గురించి ఎవరేమడిగినా నోరు మూసుకోవడం అలవాటైంది. నేనేం చెప్పినా వీళ్ళు నమ్మరు, నాకూ పిన్నికీ తెలిస్తే చాలు అనుకునేదాన్ని. అత్త అడిగినప్పుడూ అదే చేశాను. నీకు తెలుసనుకున్నాను పిన్నీ. నీకే తెలియదని ఇప్పుడు తెలిసింది.

"నీ ఇష్టం" అని ఒక్క వరుస రాయడానికి నాకు ఎంత కాగితం ఖర్చైందో నీకు తెలియదు. దేవుడి దగ్గరికి వెళ్తానంటున్న మనిషికి అడ్డం పడటానికి నేనెవర్ని అనుకున్నాను. చూశావా, అత్త ఒక్క మాటంటే ఇద్దరికీ గుచ్చుకుంది.

నిన్ను నేను అమ్మా అని పిలవను. ఆ మాట ఒకావిడకి ఇచ్చేశాను, ఆవిడ దాన్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ అక్కచెల్లెళ్ళందరినీ పెద్దమ్మా, అత్తా, ఆంటీ అని ఏదో ఒకటి పిలుస్తాను గానీ, పిన్ని అని ఈ లోకంలో ఇంకెవర్నీ పిలవలేదు. ఎవరైనా పిన్ని వరస అవుతారంటే పేరు పెట్టి పిలిచి తిట్లు తిన్నాను. నువ్వు గమనించలేదా?

నువ్వు దేవుడి కోసం వెళ్తుంటే వెళ్ళు. నీ సంచీ నేనే మోసుకొచ్చి దింపుతాను, ఏడవను కూడా. అత్త కోసం వెళ్తుంటే మాత్రం వద్దు. ఆవిడకి అంత విలువ ఇవ్వకు.

ఆదివారం వస్తున్నాను. ఈలోగా ఆ అక్కగారికి ఏమీ రాయకు.

పిడుగు

*

గౌరవనీయులైన అక్కగారికి,

నమస్కారాలు. నెలాఖరులోగా జవాబు రాస్తానని మాటిచ్చాను. కాస్త ఆలస్యమైంది, క్షమించండి. నా కోసం ఆపిన చోటుకి నేను రావడం లేదు. ఈ ఒక్క మాట రాసి ఊరుకుంటే మర్యాదగా ఉండదు కాబట్టి కారణం కూడా చెప్తాను.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది. నా భర్త మొదటి భార్య కూతురు. బళ్ళో సైన్సు చెప్తుంది. గుమ్మంలో సంచీ పడేసి, "ముందు తిండి పెట్టు, సన్యాసం సంగతి తర్వాత మాట్లాడదాం" అంది.

"సన్యాసం కాదే, సేవ" అన్నాను.

"ఏదైనా సరే. నాకు ఆకలేస్తోంది, అది మాత్రం ఖాయం."

తింటూ తింటూనే తన మేనత్తకి ఫోను చేసింది. వద్దని సైగ చేశాను, వినలేదు. గొంతు నాకూ వినపడేలా పెట్టి, "అత్తా, నాన్న పోయినప్పుడు వంటింట్లో నువ్వు పిన్ని గురించి ఒక మాటన్నావు, దానికి జవాబు ఇప్పుడు చెప్తున్నాను, విను" అంది.

"ఏ మాటే?" అందావిడ.

"ఆవిడెవరు, మనమెవరు అన్నావు."

"నేనా? ఎప్పుడే?" అని కాసేపు ఆలోచించి, "అన్నానేమో తల్లీ. అన్న పోయిన దుఃఖంలో ఏమన్నానో నాకేం గుర్తు. ఇంతకీ మీ పిన్నికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నేను చెప్పిన నూనె రాస్తోందా లేదా?" అంది.

అమ్మాయి నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. అది సిద్ధం చేసుకున్న జవాబు నోట్లోనే ఉండిపోయింది. "రాస్తోంది అత్తా" అని ఫోను పెట్టేసి, నవ్వు ఆపుకోలేక టేబుల్ మీద తల వాల్చేసింది. నేను కూడా నవ్వాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే, అక్కగారూ, ఇన్ని నెలలుగా నేను మోస్తున్నది ఆవిడ ఎప్పుడో దించేసిన మూట అని తెలిసింది. ఆ రోజు గుమ్మం ఇవతల ఆగకుండా లోపలికి వెళ్ళి గ్లాసులు తుడవడంలో సాయం చేసి ఉంటే అక్కడితో పోయేదేమో.

మీ దగ్గరికి వచ్చిన రోజు మీరు, "దేవుడు పిలుస్తున్నాడని ఎలా తెలిసింది?" అని అడిగారు. నేను తడుముకోకుండా ఏదో చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే, పిలుపు విని మీ వైపు నడవలేదు. ఇక్కడ ఎవరూ పిలవడం లేదనుకుని నడిచాను. ఆ రెండూ ఒకటి కావు.

అమ్మాయి నాకొక పాఠం నేర్పింది. వెలుగుకీ వేడికీ కూడా బరువు ఉంటుందని, సూర్యుడు సెకనుకి నలభై లక్షల టన్నుల చొప్పున తన ఒంట్లోంచి తీసి మనకిచ్చే వెలుగుగా పంచుతున్నాడని. నేను పొద్దున ప్రార్థనకి కూర్చునే కిటికీలోంచి ఎండ నా ఒళ్ళో పడుతుంది. ఇన్నేళ్ళు దాన్ని ఉత్త వెచ్చదనం అనుకున్నాను. ఇప్పుడు కూర్చుంటే, ఇచ్చేవాడు తనలోంచి తీసి ఇస్తున్నాడని తెలిసి, కాసేపు మంత్రం కూడా మర్చిపోయి అలా చేతులు చాపుకుని కూర్చుంటున్నాను. దేవుడు ఏమనుకోడనే నా నమ్మకం.

అమ్మాయి వెళ్తూ నాకొక పని అప్పగించింది. దాని పుస్తకంలో తూకం గురించి ఒక పాఠం నేనే రాయాలట. త్రాసు ఎప్పుడెప్పుడు మనని మోసం చేస్తుంది, తూచేవాళ్ళు ఏమేం చూసుకోవాలి అని. "నా తెలుగు పిల్లలకి అర్థమవుతుందా?" అంటే, "నాకు అయింది కదా" అంది. వచ్చే సెలవులకి వచ్చి, ఈ ఇంట్లోనే కూర్చుని ఎనిమిదో తరగతి పుస్తకం మొదలుపెడుతుంది. నాన్నగారి బల్ల దులిపి ఉంచమంది. దులిపాను.

ప్రతి ఆదివారం ప్రార్థనకి మీ దగ్గరికి వస్తాను, ఒప్పుకుంటే రోగుల గదిలో మధ్యాహ్నం దాకా పనిచేస్తాను. చోటు మాత్రం నాకొద్దు. ఆ రోజు మీరు ఇంకో ప్రశ్న కూడా అడిగారు, మీకు గుర్తుండే ఉంటుంది. "నీవాళ్ళంటూ ఎవరూ లేరా అమ్మా?" అన్నారు. లేరండీ అన్నాను. అప్పుడు నాకు అలాగే తోచింది, తెలిసి చెప్పిన అబద్ధం కాదు. ఆ జవాబు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గది ఎవరూ లేని మనిషికి ఇవ్వండి.

మీ ఆశీస్సులు కోరుతూ,
తూనికల పరీక్ష గదిలో పనిచేసే మీ సోదరి